తొమ్మిది లెక్కల ఊయల

మాంత్రికుడు ఘూర్ణాక్షుడి గుహ ముందు కాపలా ఉన్న రాక్షసుడి పేరు భంభుడు. అతనికి మాంత్రికుడు అప్పజెప్పిన పని ఒకటే. మగవాడు ఎవడైనా వస్తే పేరు, ఊరు, తెచ్చిన ఆయుధాలు అడిగి తాటాకు మీద రాసుకోవాలి. ఆ తర్వాత ఆయుధాలు లాక్కుని లోపలికి పంపాలి. ఆడవాళ్లు వస్తే ఏం చేయాలో మాంత్రికుడు చెప్పలేదు. భంభుడు కొలువులో చేరిన డెబ్బై ఏళ్లలో ఆడవాళ్లెవరూ రాలేదు.

అందుకే ఆ మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు గుట్ట ఎక్కి వస్తుంటే భంభుడు తాటాకు తీశాడు, ఆలోచించాడు, మళ్లీ పక్కన పెట్టేశాడు.

ముందు నడుస్తున్నది తరళ. శోణపురంలో తాళ్లు పేనే భద్రయ్య కూతురు. వయసు పంతొమ్మిది. భుజాన ముప్పై మూరల కొబ్బరితాడు చుట్ట ఉంది. వెనక, ముసుగు కప్పుకుని, పది అడుగులకోసారి కుచ్చెళ్లు తొక్కుకుంటూ వస్తున్నది శోణపురం యువరాజు మకరకేతు. మీసం తీసేయమంటే ససేమిరా అన్నాడు. ముసుగు అందుకే.

ఎక్కడికని అడిగాడు భంభుడు. ఊయల ఊగడానికి అని చెప్పింది తరళ. లోపల పెద్ద ఊయల ఉందని విన్నామనీ, తమ ఊళ్లో కొమ్మలకి కట్టేవి బొత్తిగా పొట్టివనీ, ఒక్కసారి ఊగి వెళ్లిపోతామనీ అంది. భంభుడికి అందులో తప్పేమీ కనిపించలేదు. కాని ముసుగు మనిషి వైపు చూపు మళ్లింది.

"ఆవిడ మాట్లాడదా?"

"మా వదిన, బాబాయ్. మౌనవ్రతం పట్టింది."

"ఎన్నాళ్లు?"

"అన్నయ్య వడ్డాణం చేయించేదాకా."

భంభుడు దారి వదిలాడు. "మా ఇంటిదీ పట్టింది ఓసారి," అన్నాడు. "ఆ వ్రతం ముగిసిన రోజే నేనీ కొలువులో చేరాను."

వాళ్లు ఊయల కోసమే వచ్చారు. అంతవరకు తరళ చెప్పింది నిజం. కాని అసలు పని గడియ గిన్నెతో.

గడియ గిన్నె రాగిది. అడుగున సూది మొనంత రంధ్రం ఉంటుంది. నీళ్ల మీద పెడితే సరిగ్గా ఒక గడియకు మునుగుతుంది. మునగగానే గంట కొడతారు. శోణపురంలో పాలు పితకడం నుంచి పట్టాభిషేకం దాకా ఆ గంటను బట్టే. నాలుగు నెలల కింద ఘూర్ణాక్షుడు గుడ్లగూబ రూపంలో వచ్చి దాన్ని ఎత్తుకుపోయాడు. గణితశాల పండితులు వేరే గిన్నెలు ఏడు చేయించారు. ఏడూ ఏడు వేళలకు మునిగాయి. ఏది నిజమైన గడియో తేలక ముహూర్తాలు ఆగిపోయాయి. మూడు వందల పెళ్లిళ్లు పందిళ్ల దగ్గరే నిలిచిపోయాయి. పందిట్లోని అరటి చెట్లు గెలలు వేశాయి.

గిన్నె తేవడానికి ముగ్గురు వీరులు వెళ్లారు. ముగ్గురూ తిరిగి వచ్చారు. ముగ్గురికీ ముక్కు ఒకేచోట చితికింది.

కొలువులో అందరూ ఆ ముక్కులు చూసి జాలిపడ్డారు. లెక్క అడిగింది ఒక్క సోమిదమ్మ. ఆమెకి అరవై ఏళ్లు. తన ఇంటి అరుగు మీద పన్నెండుమంది ఆడపిల్లలకి లెక్కలు, నక్షత్రాలు, నీడలు నేర్పుతుంది. లెక్కలు చదివిన పిల్ల చారులో ఉప్పురాళ్లు లెక్కపెడుతుందని తల్లులు భయపడితే, లెక్కపెట్టి వేసిన చారు ఒకసారి తాగి చూడమని తల్లులనే పిలిచి కూర్చోబెట్టింది. ఆ పన్నెండుమందిలో తరళ ఒకతె.

సోమిదమ్మ తరళను వీరుల ఇళ్లకు పంపింది. ఏం జరిగిందో విడివిడిగా అడిగి రాసుకురమ్మంది. ముగ్గురూ ఒకటే చెప్పారు. గుహలో ఒక అగాధం ఉంది. దాటడానికి ఊయల ఒక్కటే దారి. అవతలి ఒడ్డున రాతి తలుపు తెరిచి ఉంటుంది. ఊయలను పట్టి ఉంచినంత సేపూ అది తెరిచే ఉంటుంది. వదిలిన క్షణం నుంచి పైనున్న దూలంలో మర తిరిగి తలుపు మూసుకోసాగుతుంది. తొమ్మిది లెక్కపెట్టేసరికి మూసుకుంటుంది. ఊయల అవతలికి చేరేది కూడా సరిగ్గా తొమ్మిదికే.

మొదటివాడు మామూలుగా వెళ్లాడు. తొమ్మిది. రెండోవాడు రెండు తిరగలిరాళ్లు ఒళ్లో పెట్టుకుని వెళ్లాడు. తొమ్మిది. మూడోవాడు పది రోజులు పస్తుండి ఎండుచేపలా తయారై వెళ్లాడు. తొమ్మిది.

రెండోవాడు రాళ్లెందుకు మోశాడంటే గణితశాలలో మూడు వందల ఏళ్లుగా ఒక శ్లోకం చదువుతున్నారు. బరువు రెండింతలైతే ఊపుకు పట్టే కాలం సగం అవుతుందని దాని అర్థం. విద్యార్థులు దాన్ని ముందు నుంచి వెనక్కీ వెనక నుంచి ముందుకీ వల్లిస్తారు. పరీక్షించి చూసినవాడు లేడు. పరీక్షించాలంటే ఊయల ఎక్కాలి. శోణపురంలో మీసం వచ్చిన మగవాడు ఊయల ఎక్కడు. ఎక్కితే మీసం ఊడిపోతుందని నమ్మకం. ఆ ముగ్గురు వీరులు కూడా ముందుగా ప్రాయశ్చిత్తం చేయించుకుని మరీ బయల్దేరారు.

ఆడపిల్లలకి ఆ బెడద లేదు. ఏటా ఊయల తదియకి ఊరంతా ఊయలలే. సోమిదమ్మ ఒక తదియనాడు అరుగు మీది పిల్లల్లో అందరికన్నా బొద్దుగా ఉన్న పిల్లనూ, అందరికన్నా సన్నగా ఉన్న పిల్లనూ ఒకే ఊయల మీద ఒకరి తర్వాత ఒకరిని కూర్చోబెట్టి మిగతా పదిమందినీ లెక్కపెట్టమంది. తేడా రాలేదు. మర్నాడు తాడు మార్చి చూడమంది. తరళ తండ్రి దుకాణంలో పదకొండు తాళ్లు కోసింది. తండ్రి చేత తిట్లు తింది. కాని లెక్క దొరికింది. తాడు నాలుగింతలైతే కాలం రెండింతలు. తాడు తొమ్మిదింతలైతే కాలం మూడింతలు. బరువుకి ఇందులో పనే లేదు.

ఈ సంగతి గణితశాల పెద్ద శంఖపాలుడికి చెబితే ఆయన నవ్వాడు. ముక్కులు పగిలినవాళ్లు లెక్క సరిగ్గా పెట్టలేరన్నాడు. అప్పుడు సోమిదమ్మ రాజుగారి ఎదుట ఒక మాట అడిగింది. తరళ గిన్నె తెస్తే తన పన్నెండుమంది పిల్లలకీ గణితశాలలో చోటివ్వాలి. శంఖపాలుడు సంతోషంగా ఒప్పుకున్నాడు. తేలేకపోతే అరుగు చుట్టూ గోడ కట్టించి చదువు మూసేయాలన్నాడు. గడువు పౌర్ణమి మధ్యాహ్నం. అంటే రేపు. ఊయల పట్టి వదలడానికి ఇంకో మనిషి కావాలి కాబట్టి యువరాజు ఆడవేషంలో వెంట వచ్చాడు. తరళ ఊరు దాటేటప్పటికే అరుగు ముందు ఇటుకలు దింపుతున్నారు. అలవాటు కొద్దీ లెక్కపెట్టింది. నాలుగు వందల ఇరవై. అరుగు మూయడానికి నాలుగు వందలు చాలు.

బయల్దేరేటప్పుడు సోమిదమ్మ చెప్పింది ఒక్క మాట. "శ్లోకం తప్పని ఎవరితోనూ వాదించకే పిల్లా. కొలిచి చూపించు."

గుహ లోపల పదహారు స్తంభాలు. ఒక్కో స్తంభం చుట్టూ ఒక రాతి పాము. ఒక్కో పాము నోట్లో ఒక దీపం. దీపాల వెలుగు పైకప్పు అందుకోలేక మధ్యలోనే ఆగిపోయింది. స్తంభాలు అయిపోయిన చోట నేల కూడా అయిపోయింది. తరళ ఒక గులకరాయి కిందికి వదిలింది. చప్పుడు వినిపించేలోపు మకరకేతు ముసుగు తీసి, మొహం తుడుచుకుని, మళ్లీ వేసుకున్నాడు.

అవతలి ఒడ్డున రాతి తలుపు తెరిచి ఉంది. రెండు రెక్కలు. ఐదు నిలువుల ఎత్తు, తొమ్మిది మూరల వెడల్పు. ఒడ్డు అంచున, కొక్కేనికి తగిలించి, ఊయల. పలక పొడవు మూర.

తరళ తాళ్ల వెంట చూపు పైకి పోనిచ్చింది. పుట్టిన దగ్గర నుంచీ తాళ్ల మధ్య పెరిగిన కన్ను. ముప్పై ఆరు మూరలు అంది.

"ఆరు ఆర్లు ముప్పై ఆరు. పట్టే కాలం తొమ్మిది. తొమ్మిదిని ఆరు భాగాలు చేస్తే భాగానికి లెక్కన్నర. తాడు ఐదైదులు ఇరవై ఐదు చేస్తే ఐదు లెక్కన్నరలు. ఏడున్నర."

"ఏడున్నర అంటే శని కదా," అన్నాడు మకరకేతు.

"శనే, యువరాజా. మాంత్రికుడికి."

ఒడ్డు పక్కనే, పదకొండు మూరల పైన, కొండమేక నిలబడేపాటి గట్టు ఉంది. ఇద్దరూ దాని మీదికి పాకారు. తరళ తన తాడుకి ఉచ్చు వేసి ఊయల తాళ్లను దగ్గరికి లాగింది. పలక విప్పి ఇరవై ఐదు మూరల దగ్గర కట్టింది. మిగిలిన ఊయల తాడును చుట్ట చుట్టి పలక కింద బిగించి, తన తాడును మళ్లీ భుజాన వేసుకుంది. ఆ చుట్ట బరువుకి ఊయల ఇంకా త్వరగా పోదా అని అడిగాడు మకరకేతు. తరళ అతని వైపు చూసింది. అతను శ్లోకం గుర్తు తెచ్చుకుని, తిరగలిరాళ్లు గుర్తు తెచ్చుకుని, పలక పట్టుకున్నాడు.

వీరులు కూర్చుని వెళ్లారు. తరళ నిలబడింది, పక్కకి తిరిగి, పాదం వెనక పాదం పెట్టి. తదియనాడు ఆడపిల్లలంతా నిలబడే తీరు అదే. మకరకేతు పలక వదిలాడు.

ఒకటి. దీపాలు వెనక్కి పోయాయి. మూడు. కింద గాలి తప్ప ఏమీ లేదు. నాలుగు. ఎదుట రెండు రాతి రెక్కలు లెక్కకో మూర చొప్పున దగ్గరవుతున్నాయి. ఆరు. ఏడు. ఏడున్నరకి ఊయల గాల్లో ఒక్క రెప్పపాటు ఆగింది. ఎదుట మూరన్నర సందు. తరళ దూకింది.

తొమ్మిదికి తలుపు మూసుకుంది. తరళ లోపల ఉంది. జడకుచ్చులు బయట ఉన్నాయి.

అవతల మకరకేతు వెనక్కి వచ్చిన ఊయలను పట్టుకున్నాడు. తలుపు మళ్లీ తెరుచుకుంది. జడ విడిపించుకుని చూసుకుంటే ఆమె నిలబడింది మెట్ల మీద. తలుపు పైగాడిలో నూనె పోయడానికి గోడలో చెక్కిన మెట్లవి. కింద గది. గది మధ్య రాతి తొట్టి. తొట్టిలో గడియ గిన్నె. తొట్టి పక్కన ఘూర్ణాక్షుడు.

అతని కళ్లు రెండూ చెరొక వైపు తిరుగుతాయి. అప్పుడు ఒకటి గిన్నె మీద ఉంది, ఒకటి తరళ మీద ఉంది. రెండు మూరల మీసాన్ని చెవుల చుట్టూ తిప్పి కట్టుకున్నాడు. ఎవరు నువ్వు అనలేదు. ఎందుకొచ్చావనీ అనలేదు.

"నీ బరువెంత?"

"నాలుగు మణుగులు, తాతా."

"అబద్ధం. ఎనిమిది మణుగులకి తొమ్మిది లెక్కలు. నాలుగు మణుగుల మనిషి పద్దెనిమిది లెక్కలకి గాని రాకూడదు. శ్లోకం ఉంది."

తరళకి నవ్వొచ్చింది. ఆపుకుని, ఆ శ్లోకం ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. ఘూర్ణాక్షుడు రెండు వందల ఏళ్ల కింద శోణపురం గణితశాలలోనే చదివాడు. శ్లోకాలు అప్పజెప్పడంలో రెండోవాడిగా వచ్చాడు. మొదటివాడికి గడియ గిన్నె మీద అధికారం ఇచ్చారు. ఇతనికి ఒక శాలువా ఇచ్చారు. ఆ శాలువా ఇప్పటికీ భుజం మీద ఉంది. తలుపూ, ఊయలా, మరా అన్నీ ఆ శ్లోకం ప్రకారమే చేశాడు. తాను మాత్రం ఊయల ఎన్నడూ ఎక్కలేదు. పైకప్పులో కంత ఉంది. గుడ్లగూబై అందులోంచి రాకపోకలు సాగిస్తాడు. ఎందుకు ఎక్కలేదంటే మీసం తడుముకున్నాడు.

సోమిదమ్మ మాట తరళకి గుర్తుంది. తాతా నీ శ్లోకం తప్పు అనలేదు.

"నీ బరువెంత?" అంది.

"పన్నెండు మణుగులు."

"నాకు మూడింతలు. నేను ఏడున్నరకి వచ్చాను. శ్లోకం నిజమైతే అదే ఊయల మీద నువ్వు రెండున్నరకి దాటాలి."

"దాటుతాను."

"దాటితే నన్ను గోరువంకని చెయ్యి. రోజూ పొద్దున్నే నీ శ్లోకం చదువుతాను. ఏడున్నర పడితే గిన్నె నాది."

ఘూర్ణాక్షుడి కళ్లు రెండూ మొదటిసారి ఒకేవైపు తిరిగాయి. రెండు వందల ఏళ్లుగా అతని శ్లోకం వినేవాళ్లు లేరు. గోరువంక మాట అతనికి నచ్చింది. పందెం పందెమే అన్నాడు. మెట్లెక్కి, తరళ దూకి దిగిన చోటికి వచ్చాడు. మీసం చెవులకి ఇంకో చుట్టు బిగించాడు.

తరళ కేకేసింది. మకరకేతు ఊయల వదిలాడు. ఏడున్నరకి అది మెట్ల ముందు ఆగింది. మాంత్రికుడు రెండు చేతులా తాళ్లు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, ఎక్కాడు. ఊయల వెనక్కి మళ్లింది. తొమ్మిదికి తలుపు మూసుకుంటూ అతని శాలువా కొరికింది. శాలువా లోపల మిగిలింది.

తరళ గోడకి చెవి ఆనించింది. ఒకటి అన్నాడు ఘూర్ణాక్షుడు. రెండు. రెండున్నర అని ఆగాడు. తర్వాత మూడు అనేటప్పుడు అతని గొంతు తగ్గింది. ఏడున్నర అనేటప్పుడు అసలు వినిపించలేదు.

"ఊయల పట్టుకోకు. ఇంకోసారి," అంది ఆ గొంతు.

ఇంకోసారి కూడా ఏడున్నరే. ఇంకోసారి కూడా. తరళ మెట్లు దిగి గిన్నె తీసుకుంది. అడుగున రంధ్రం ఉందో లేదో వెలుగుకు ఎత్తి చూసుకుంది. ఉంది. ఓణీ కొంగున మూటగట్టింది.

అవతల మాటలు పెరిగాయి. బరువు ఇంకా ఎక్కువైతే తప్ప శ్లోకం పనిచేయదేమోనని మాంత్రికుడి అనుమానం. గట్టు మీద ముసుగేసుకుని ఎవరో లావుపాటి పిల్ల నిలబడి ఉంది, ఊయల అటు వచ్చినప్పుడు పక్కన ఎక్కమంటున్నాడు. లావుపాటి పిల్ల తటపటాయించింది. మౌనవ్రతం కాబట్టి తల అడ్డంగా ఊపి ఉంటుంది. మాంత్రికుడు ఏదో మంత్రం మొదలుపెట్టాడు. వెంటనే పలక కిర్రుమంది. తర్వాత రెండు గొంతులు కలిసి లెక్కపెట్టడం వినిపించింది. వాటిలో ఒకటి ఉండుండి మూతి మూసుకున్నట్టు వచ్చింది. మకరకేతు ఒక చేత్తో మీసం పట్టుకున్నాడని తరళకి అర్థమైంది.

"ఏడున్నర," అన్నాయి రెండు గొంతులూ.

అప్పుడు తరళకి ఇంకో సంగతి అర్థమైంది. ఊయలను పట్టి ఆపితే గాని తలుపు తెరుచుకోదు. పట్టవలసిన మనిషి ఊయల మీద ఉన్నాడు.

"తరళా," అని మకరకేతు అరిచాడు, వ్రతం వదిలేసి. "దీన్ని ఆపడం ఎలా?"

"కాళ్లు నేలకి ఆనించాలి యువరాజా."

అవతల ఇద్దరూ కిందికి చూసి ఉంటారు. ఊయల ఎక్కడం ఎవరికైనా ఒక్క పూటలో వస్తుంది. దిగడం సోమిదమ్మ అరుగు మీద రెండో నెల పాఠం.

తరళ గది చుట్టూ చూసింది. ఇంటికి నడిచి చేరడానికి నలభై గడియలు. గడువుకి యాభై ఆరు. ఇక్కడ పోగొట్టుకోవడానికి పదహారు ఉన్నాయి. తలుపు గుండా దారి లేదు. మిగిలింది పైకప్పులో గుడ్లగూబ కంత. కంతకి అడ్డంగా ఇనప కమ్మీ. కమ్మీ పక్క నుంచి ఎండ వాలుగా గదిలోకి దిగుతోంది.

ఆమె ఎండలో నిలబడి తన నీడ కొలిచింది. నీడ తన ఎత్తులో సగం. కంతకి సరిగ్గా కింద ఉన్న చోటు వెతకనక్కర్లేదు. రెండు వందల ఏళ్ల గుడ్లగూబ రెట్ట గుర్తు పెట్టే ఉంది. అక్కడి నుంచి ఎండ పడ్డ చోటుకి అడుగులు కొలిచింది. పదిహేడు మూరలు. రెట్టింపు ముప్పై నాలుగు.

తాడు ముప్పై. ఓణీ ఐదు. ముడికి ఒక మూర పోతుంది.

తరళ ఓణీ తీసి తాడుకి ముడివేసింది. గిన్నెను శాలువాలో చుట్టి వీపుకి కట్టుకుంది. శాలువాకి ఇన్నాళ్లకి ఒక పని దొరికింది. తాడు చివర రాయి కట్టి కమ్మీ మీదికి విసిరింది. మొదటిసారి తప్పింది. రెండోసారి రాయి కమ్మీ చుట్టూ రెండు చుట్లు తిరిగి పట్టుకుంది. ఆమె లాగి చూసుకుని పాదం గోడకి ఆనించింది.

పది మూరలు ఎక్కింది. ఇరవై ఎక్కింది. అవతల లెక్క వినిపిస్తూనే ఉంది. ఐదు, ఆరు, ఏడు. ముప్పై మూరల దగ్గర తలెత్తి చూస్తే కంతలోంచి ఆకాశం కనిపించింది. కమ్మీ ఇంకా నాలుగు మూరల దూరం.

అప్పుడు లెక్క మారింది. ఒకటి నుంచి రెండు గొంతులు పలుకుతూ వచ్చిన లెక్క మూడు దగ్గర ఒక గొంతైంది. ఆ ఒక్క గొంతు మకరకేతుది.

తనకి రెక్కలున్న సంగతి ఘూర్ణాక్షుడికి గుర్తొచ్చింది. పైనుంచి వస్తున్న ఎండ ఆరిపోయింది. కంత నిండా రెండు కళ్లు, చెరొక వైపు తిరుగుతూ, ఆ తర్వాత రెండూ ఒకేచోట ఆగి, కిందికి చూశాయి.

"పిల్లా," అంది గుడ్లగూబ. "బరువు కాదన్నమాట. తాడు పొట్టి చేశావు కదూ?"